వెనకగదికి పారలెల్

కొత్తగా లైను మీదికొచ్చిన పిల్లలకి రిటైరైన వాళ్ళు చెప్పే కథలు మీరు వినే ఉంటారు. నడివేసవిలో స్తంభాలెక్కడం, వానలో కేబుల్ గోతిలోకి దిగడం, పెద్ద ఆఫీసరు బంగళాలో మూగబోయిన ఫోను అరగంటలో మోగించడం. అవన్నీ నేనూ చేశాను. ఎవరైనా కూర్చోబెట్టి టీ ఇప్పిస్తే సాయంత్రం దాకా చెప్తాను కూడా. ఇక్కడ రాస్తున్నది మాత్రం నేను చెడగొట్టిన పని గురించి. సర్వీసులో చెడగొట్టినవి ఇంకా చాలానే ఉన్నాయి గానీ, వాటిని వాన మీదో, కేబుల్ మీదో, పక్క సెక్షన్ మీదో తోసేశాను. దీన్ని తోసెయ్యడానికి ఎవరూ దొరకలేదు.

నాది ఒంగోలు పక్క పల్లె. ఢిల్లీ వచ్చి టెలిఫోను కంపెనీలో లైన్‌మన్‌గా చేరిన కొత్తలో నాకు హిందీలో రోటీ, పానీ తప్ప ఇంకో ముక్క రాదు. అలాంటివాణ్ణి ఆర్.కె. పురం, మునిర్కా, బేర్ సరాయ్, వసంత్ కుంజ్, ఈ నాలుగు చోట్లే తిరిగి తిరిగి, ఏ క్వార్టరులో తీగ ఏ గోడలోంచి వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పేంతవాణ్ణయ్యాను. నాకు బాగా పేరు తెచ్చిన పని పారలెల్ లాగడం. ఇప్పటి మీకు ఆ మాట తెలియకపోవచ్చు. ముందుగదిలో ఫోను ఉంటుంది, ఇంటాయనకి పడగ్గదిలో కూడా ఒకటి కావాలి. ఉన్న లైను నుంచే రెండు తీగలు చీల్చి, గోడ వెంబడి మేకులు కొట్టుకుంటూ పోయి, లోపల ఇంకో ఫోను తగిలిస్తే చాలు. రెండూ మోగుతాయి, రెంటిలోనూ మాట్లాడొచ్చు. అందులో అర్థం కాకపోవడానికి ఏమీ లేదు.

రెండువేల ఆరు, ఏడు ప్రాంతంలో బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అప్పటికి నాకు యాభై దాటాయి. మూడు రోజుల ట్రైనింగంటే నాతోటి వాళ్ళు సగం మంది నడుంనొప్పి అన్నారు, మిగతా సగం ఊళ్ళో పెళ్ళి అన్నారు. నేను మాత్రం నోట్‌బుక్కు పట్టుకుని ముందు బెంచీలో కూర్చున్నాను. ఏ తీగ ఎక్కడ పెట్టాలి, కంప్యూటర్లో ఏ పేజీ తెరిచి ఏ నంబరు కొట్టాలి, బొమ్మలతో సహా రాసుకున్నాను. ఎందుకు కొట్టాలో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. నాతో జోడీగా తిరిగే హర్యానా లైన్‌మన్ నన్ను గురూజీ అని పిలవడం మొదలుపెట్టాడు. ముందు వెక్కిరింపుకే అన్నాడు గానీ, రెండు నెలలయ్యేసరికి సెక్షనంతా అదే పిలుపు. నాకూ లోపల్లోపల సంబరంగానే ఉండేది.

"గురూజీ, హరీ బత్తీ జల్ గయీ తో కామ్ ఖతమ్," అనేవాడు జోడీదారు. మోడెం మీద పచ్చదీపం వెలిగిందా, మన పని అయిపోయింది. కస్టమరు చేత స్లిప్పు మీద సంతకం పెట్టించుకుని సాయంత్రం ఐదులోపు కంప్లైంటు మూసెయ్యాలి. మూసిన కంప్లైంట్ల లెక్కే పైవాళ్ళు చూసేది. ఇంకో రూలు కూడా ఉండేది. మా బాధ్యత కంపెనీ ఇచ్చిన మోడెం దాకానే. అక్కణ్ణుంచి అవతల కస్టమరు సొంతంగా కొనుక్కున్న పెట్టెల్ని ముట్టుకోకూడదు. ఎవరో ముట్టుకుని పాడుచేస్తే, కస్టమరు ఫిర్యాదు చేసి అతనికి మెమో ఇప్పించాడు. అప్పట్నుంచి సూపర్‌వైజరు రోజూ పొద్దున అదే పాట.

ఆర్.కె. పురంలో ఒక గవర్నమెంటు క్వార్టరుకి కొత్త కనెక్షన్ ఇవ్వడానికి వెళ్ళాను. గోడకి కన్నం పెడుతుంటే డ్రిల్లు బిట్టు జారింది, నా నోటికి అచ్చ తెలుగులో ఓ తిట్టు వచ్చింది. లోపల్నుంచి ఓ అమ్మాయి నవ్వుకుంటూ బయటికొచ్చింది.

"అంకుల్, మీరు తెలుగోళ్ళా?"

"ఎందుకడుగుతావులేమ్మా, బూతు మాటతో బయటపడ్డాను. ఒంగోలు."

"మాది రేపల్లె దగ్గరంకుల్. ఇక్కడ పెద్దాసుపత్రిలో నర్సుని."

అంతే, టీ వచ్చింది, టీతో పాటు జంతికలొచ్చాయి, ఇంటి సంగతులన్నీ వచ్చాయి. తండ్రి లేడు. అక్క కూడా నర్సే, ఏడాదిన్నరగా గల్ఫ్‌లో ఏదో ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఇక్కడ ఈ అమ్మాయి, తల్లి. తల్లి వెనకగదిలో మంచం మీద ఉంది. నేను గుమ్మంలో నిలబడి "బాగున్నారామ్మా?" అంటే, ఆవిడ నా మొహంలోకి చూసి నవ్వి, చేత్తో కూర్చోమన్నట్టు చూపించింది.

"అమ్మకి వినపడదంకుల్. పుట్టినప్పట్నుంచీ అంతే. మాట కూడా రాదు," అంది చిన్నమ్మాయి.

ఆవిడ బడికెళ్ళలేదు. చెవిటివాళ్ళ స్కూళ్ళలో నేర్పే సైగలేవో ఉంటాయట, అవీ రావు. ఆవిడ చేతులతో మాట్లాడేదంతా ఆ ఇంట్లో పుట్టిన భాష. పెద్దమ్మాయి ఆ చేతుల్లోనే మాటలు నేర్చుకుంది. చిన్నమ్మాయిని ఆరేళ్ళప్పుడే మిషన్ హాస్టల్లో వేశారు, సెలవలకి తప్ప ఇంటికి రాలేదు. అందుకని ఆమెకి వచ్చినవి అన్నం, నీళ్ళు, నొప్పి, నిద్ర, ఇలాంటి ఓ ఇరవై ముప్పై మాటలు. "కన్నతల్లితో నాకు మాట్లాడ్డం రాదంకుల్," అని ఆమె నాతో మొదటి రోజే అనేసింది. నేను ఇంకో జంతిక కొరికాను.

ఆవిడకి కడుపులో గడ్డ. కోసి చూసి, చెయ్యగలిగిందేమీ లేదని మళ్ళీ కుట్టేశారు. అంతకు ముందు వారానికోసారి చిన్నమ్మాయి ఆవిణ్ణి ఆటోలో మునిర్కా ఇంటర్నెట్ సెంటరుకి తీసుకెళ్ళేది. అక్కడ కంప్యూటరు మీద కెమెరాలో తల్లీ పెద్దకూతురూ చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఆవిడ ఆటో ఎక్కే స్థితి దాటిపోయింది. పెద్దమ్మాయి కెమెరా ఉన్న లాప్‌టాప్ కొని, సెలవు మీద వస్తున్న ఇంకో నర్సు చేతికిచ్చి పంపింది. అందుకే ఈ కనెక్షన్.

ఆ రోజుల్లో మేమిచ్చే మోడెంకి వై-ఫై లేదు. అది ముందుగదిలో ఫోను తీగ ఉన్నచోటే పెట్టాలి. వెనకగదికి ఒక వైరు లాగి లాప్‌టాప్‌కి గుచ్చితే సరిపోయేది. నేను అదే చెప్పాను.

"వైరైతే కుదరదంకుల్. చలికాలం వస్తుంది కదా, పగలు అమ్మని వెనక వరండాలో ఎండలో పడుకోబెడతాను. అక్కడ కూడా మాట్లాడుకోవాలి కదా వాళ్ళు."

తర్వాతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఫోను చేసింది. నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజార్లో వై-ఫై రౌటర్ కొనుక్కొచ్చానని, వచ్చి పెట్టి పొమ్మని. అది ఆమె సొంత పెట్టె. రూలు ప్రకారం నేను ముట్టుకోకూడదు. మన తెలుగు పిల్ల, మంచం మీద తల్లి, పైగా నేను గురూజీని. వెళ్ళాను.

మోడెం వెనక నాలుగు పసుపుపచ్చ సాకెట్లున్నాయి. కొత్త రౌటర్‌కి కూడా నాలుగు పసుపుపచ్చ సాకెట్లు, విడిగా ఒక నీలం సాకెట్. నీలం ఎందుకో నాకు తెలియదు కాబట్టి దాని జోలికి పోలేదు. ముందుగదిలో పసుపుపచ్చలోంచి వెనకగదిలో పసుపుపచ్చలోకి వైరు లాగాను. అచ్చంగా పారలెల్. దీపాలన్నీ వెలిగాయి. లాప్‌టాప్ తెరిస్తే వై-ఫై గీతలు నిండుగా కనిపించాయి, ఇంటర్నెట్ వచ్చింది. నేను ఏ పేజీ తెరవలేదు, ఏ నంబరూ మార్చలేదు. ఇంత తేలికైన పనికి ఇంజినీర్లెందుకని కూడా అనుకున్నాను.

కాసేపటికి తెర మీద పెద్దమ్మాయి కనిపించింది. తల్లి దిండుకి చేరగిలబడి కూర్చుంది. అంతవరకూ మంచంలో మూలుగుతున్న మనిషి చేతులు లేచాయి, ఇక ఆగలేదు. కనుబొమ్మలు, పెదాలు, భుజాలు, అన్నీ మాట్లాడుతున్నాయి. చాడీలు చెప్తోందని నాకు కూడా తెలిసిపోయింది. పెద్దమ్మాయి పగలబడి నవ్వుతూ మధ్యలో మాకోసం నోటితో చెప్పింది.

"చెల్లీ, రోగం చంపకపోయినా నీ చప్పిడి పప్పు చంపేట్టుందంట. కాస్త కారం వెయ్యవే."

"డాక్టరొద్దన్నాడని చెప్పవే అక్కా, నేను చెప్తే అర్థం కావట్లేదు," అంది చిన్నమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ.

తల్లి నా వైపు చెయ్యి చూపించి మూతి మీద మీసం మెలేసినట్టు తిప్పింది. "ఈ మీసాలాయన ఎవరని అడుగుతుంది అంకుల్," అంది పెద్దమ్మాయి. అందరం నవ్వాం. స్లిప్పు మీద సంతకం పెట్టించుకుని కాలరెగరేసుకుంటూ బయటికొచ్చాను. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు.

పదిరోజులకి మొదటి కంప్లైంటు వచ్చింది. గీతలు నిండుగా ఉన్నాయి, ఇంటర్నెట్ రావట్లేదు. వెళ్ళాను. లైను కొలిచాను, బాగానే ఉంది. దీపాలు పచ్చగా ఉన్నాయి. లాప్‌టాప్ రెండుసార్లు ఆపి పెడితే వచ్చింది. సంతకం, మూసివేత. మళ్ళీ వారానికి అదే కంప్లైంటు. ఈసారి జోడీదారు వెళ్ళాడు, అతనూ అలాగే ఆపి పెట్టి వచ్చాడు. మూడోసారి నేను లాప్‌టాప్‌లో వైరస్ ఉందన్నాను. నాలుగోసారి గల్ఫ్‌లో వాళ్ళ కనెక్షనే బాగోలేదేమో కనుక్కోమన్నాను. ఆ అమ్మాయి నోరెత్తేది కాదు, "సరే అంకుల్" అనేది. రాత్రి డ్యూటీ చేసొచ్చిన ఎర్రకళ్ళతో టీ పెట్టి ఇచ్చేది. నేను తాగేవాణ్ణి.

ఒకే నంబరు మీద నాలుగు కంప్లైంట్లు పడితే అది పైకి వెళ్తుంది. మా సెక్షన్‌కి కొత్తగా జూనియర్ ఆఫీసరుగా ఒక లక్నో అమ్మాయి వచ్చింది, నా కూతురంత వయసు. స్లిప్పులన్నీ ముందేసుకుని నన్ను పిలిచి కూర్చోబెట్టి, మర్యాదగా హిందీలో అడిగింది.

"లైను బాగుంది, మోడెం బాగుంది. ఆ ఇంట్లో వాళ్ళు సొంతంగా రెండో రౌటర్ ఏమైనా పెట్టుకున్నారా?"

పెట్టుకున్నారంటే ఎవరు పెట్టారని అడుగుతుంది. నేనేనంటే మెమో. పోనీ మెమో తప్పినా, గురూజీకి రౌటర్ పెట్టడం రాలేదని సెక్షనంతా నవ్వుతుంది. నిజం చెప్పాలంటే మెమో కంటే ఆ నవ్వుకే ఎక్కువ భయపడ్డాను.

"నహీ మేడమ్," అన్నాను.

ఆమె "అచ్ఛా" అని ఏదో రాసుకుంది. ఇంకేమీ అడగలేదు. ఇది చదివే మీలో ఎవరైనా ఇలాంటి కుర్చీలో కూర్చున్నప్పుడు నా మాట గుర్తొస్తే చాలు. నాకు ఆ క్షణంలో అది అబద్ధంలా కూడా అనిపించలేదు, ఆఫీసులో రోజూ చెప్పే వంద మాటల్లో ఒకటిలా అనిపించింది.

డిసెంబరు వచ్చింది. ఆవిడ బాగా నీరసించింది. వరండాలోకి తీసుకెళ్ళడం కూడా మానేశారు. పెద్దమ్మాయి సెలవు అడిగితే, ఆమె పాస్‌పోర్టు ఆసుపత్రి వాళ్ళ దగ్గరే ఉంది, బదులు మనిషి వచ్చాక వదులుతామన్నారు. అప్పటికి ఇంకో వారం. ఆ వారంలో ఒక రోజు పొద్దున పదకొండింటికి చిన్నమ్మాయి నా సెల్‌కి చేసింది.

"అంకుల్, అమ్మ పొద్దున్నుంచీ చెవి తమ్మె పట్టుకుని చూపిస్తుంది. అక్కని పిలవమని. అక్కకి అదే గుర్తు. ఏదో చెప్పాలంటంకుల్, చేతులు కూడా సరిగ్గా లేవట్లేదు, నాకేమీ అర్థం కావట్లేదు. నెట్ రావట్లా. అక్కకి మన టైము మూడింటికి బ్రేకు. ఎట్టయినా ఒక్కసారి రండి."

"అక్కతో ఫోన్లో మాట్లాడి, అమ్మ ఎలా సైగ చేస్తుందో చెప్పి చూశావా?"

"చూశానంకుల్. 'చెయ్యి ఇట్టా తిప్పుతుందే' అంటే, 'ఇట్టా అంటే ఎట్టా' అంటది. అయినా ఫోను చూస్తే అమ్మ మొహం అటు తిప్పేసుకుంటుంది. లాప్‌టాప్ వైపే చూస్తుంది."

వసంత్ కుంజ్‌లో చేతిలో ఉన్న పని ముగించి రెండున్నరకి వెళ్ళాను. ఆ పని వదిలేసి పదకొండున్నరకే వెళ్ళి ఉండొచ్చు. అక్కడ ఒక పెద్దాయన ఫోను బాగుచేస్తున్నాను, ఆ కంప్లైంటు మూసి వెళ్దామనుకున్నాను.

వెనకగదిలో హీటరు ఎర్రగా మండుతోంది. ఆవిడ దుప్పటి గడ్డం దాకా కప్పుకుని పడుకుని ఉంది. లాప్‌టాప్ మంచం పక్కన స్టూలు మీద తెరిచి ఉంది. గీతలు నిండుగా ఉన్నాయి, ఇంటర్నెట్ లేదు. రౌటర్ మంచానికి ఎదురుగోడ వైపు ట్రంకు పెట్టె మీద ఉంది. నేను దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అంటే మంచానికి వీపు పెట్టి.

"అమ్మా, నువ్వు ముందుగదిలోకెళ్ళి మోడెం ఆపు. ముప్పై లెక్కపెట్టి మళ్ళీ వెయ్యి. నేనిక్కడ చూస్తాను," అన్నాను చిన్నమ్మాయితో.

ఆమె వెళ్ళింది. ఆపింది, వేసింది. రెండు నిమిషాలు పట్టింది దీపాలు నిలబడ్డానికి. రాలేదు. "మళ్ళీ," అన్నాను. మళ్ళీ రాలేదు. "ఈసారి వంద లెక్కపెట్టు," అన్నాను. ముందుగదిలో ఆమె పైకే లెక్కపెడుతోంది, నాకు వినిపిస్తోంది. మధ్యలో ఫోను మోగింది. "కూర్చున్నావా? ఉండవే, ఉండు, అంకుల్ చూస్తున్నారు, వస్తుంది," అంటోంది.

అప్పుడే వెనక మంచం చట్రం మీద టకటకమని చప్పుడైంది. తిరిగి చూశాను. ఆవిడ దుప్పటి కిందికి తోసేసి నా వైపు చూస్తోంది. చేతులు కదులుతున్నాయి.

"వస్తుందమ్మా, ఒక్క నిమిషం," అన్నాను. చెవిటి మనిషితో. అని మళ్ళీ దీపాల వైపు తిరిగాను.

ఇంకోసారి చప్పుడైంది. గొంతులోంచి చిన్న శబ్దం కూడా వచ్చింది. నీళ్ళేమో అనుకుని లేచి గ్లాసు పట్టాను. ఆవిడ గ్లాసుని పక్కకి నెట్టేసింది. నాకు టైము మించిపోతోంది, పచ్చదీపం ఆగి ఆగి వెలుగుతోంది. నేను మళ్ళీ వెళ్ళి ట్రంకు ముందు కూర్చున్నాను. మూడోసారి చప్పుడైనప్పుడు తల సగం తిప్పానో లేదో. "వచ్చేస్తుంది, వచ్చేస్తుంది," అన్నాను. నాతో కాదు, కూతురితో కదా ఆవిడకి పని అనుకున్నాను. కూతురు తెర మీదికి వస్తే అప్పుడు చెప్పుకుంటుంది, నా పని దాన్ని రప్పించడం. అంతే నా బుర్రలో ఉంది.

చివరికి విసుగొచ్చి రౌటర్‌లోంచి వైరు పీకేసి తిన్నగా లాప్‌టాప్‌కి గుచ్చాను. మొదటి రోజు నేను చెప్పిన పద్ధతే. నిమిషం కూడా పట్టలేదు, ఇంటర్నెట్ వచ్చింది. చిన్నమ్మాయి పరిగెత్తుకొచ్చి కాల్ కలిపింది. తెర మీద పెద్దమ్మాయి, నర్సు డ్రెస్సులో, వెనకాల ఏదో స్టోర్ రూము బీరువాలు. రాగానే చేతులెత్తింది.

తల్లి కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. చేతులు దుప్పటి మీద పడి ఉన్నాయి. చిన్నమ్మాయి భుజం పట్టి కదిపింది, చెయ్యి ఎత్తి పట్టుకుంది, వదిలితే పడిపోయింది. నాడి చూసింది. "ఉంది, ఉందే, స్పృహ తప్పింది," అంది అక్కతో. పెద్దమ్మాయి అదేమీ విననట్టు చేతులతో మాట్లాడుతూనే ఉంది. ఆ బ్రేకు ఎంతసేపో తెలియదు గానీ అంతసేపూ మాట్లాడింది. అంత వేగంగా కదిలే చేతుల్ని నేను మళ్ళీ చూడలేదు. ఎవరో తలుపు తట్టారు కాబోలు, వెనక్కి చూసి, కళ్ళు తుడుచుకుని, కాల్ ఆపేసింది.

చర్చి వాళ్ళు వచ్చి ప్రార్థన చేశారు. ఆవిడకి మళ్ళీ స్పృహ రాలేదు. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

సోమవారం నేను జూనియర్ ఆఫీసరు ముందుకెళ్ళి నిలబడి, రెండో రౌటర్ ఉంది, నేనే పెట్టాను, మీరడిగితే లేదన్నాను అని చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. కాగితం తీసుకుని రెండు డబ్బాలు గీసింది. మోడెం ఇంట్లో ప్రతి కంప్యూటరుకీ ఒక నంబరు ఇస్తుంది, బయటికి దారి నేనే అని చెప్తుంది. బజార్లో కొన్న రౌటర్ కూడా సరిగ్గా అదే పని చెయ్యడానికి తయారై వస్తుంది, దాని సొంత నంబరు కూడా మోడెం నంబరే. రెంటినీ అలా కలిపేస్తే, కంప్యూటరు దారేదని అడిగినప్పుడు ఎవరు ముందు పలికితే వాళ్ళ మాట వింటుంది. మోడెం పలికితే ఇంటర్నెట్ వస్తుంది. రౌటర్ పలికితే గీతలు నిండుగా ఉంటాయి, బయటికి దారుండదు. రౌటర్‌కి వేరే నంబరు ఇచ్చి, నంబర్లు పంచే పని దాంట్లో ఆపేస్తే సరిపోతుంది. ఐదు నిమిషాల పని.

"మోడెం ఆపి వేస్తే?" అని అడిగాను. అడగకపోయినా బాగుండేది.

"ఇంకా చెడుతుంది. అది లేచేలోపు పలికేది రెండోదే కదా," అంది. కాగితం నా వైపు జరిపి, "ఆ రోజు మీరు లేదన్నారు," అంది. కోపంగా కాదు, స్లిప్పు మీద ఉన్నది చదివినట్టు. మెమో ఇవ్వలేదు. ఇచ్చినా బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

పెద్దమ్మాయి వచ్చేసరికి సమాధి అయిపోయి నాలుగు రోజులు. నన్ను రమ్మని చెల్లెలి చేత ఫోను చేయించింది. నాకు మొహం చెల్లక రెండు రోజులు ఏదో వంక చెప్పాను. మూడో రోజు వెళ్ళాను. దారిపొడవునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. రెండు డబ్బాలు గీసిన కాగితం కూడా జేబులో పెట్టుకున్నాను.

వెనకగదిలో మంచం మీద పరుపు లేదు. పెద్దమ్మాయి దాని అంచున కూర్చుంది, నన్ను ఎదురుగా కుర్చీలో కూర్చోమంది. నేను కాగితం తీసి మొదలుపెట్టాను. తప్పు నాదేనమ్మా, రౌటర్ నేనే తప్పుగా కలిపాను, ఆఫీసులో అడిగితే అబద్ధం చెప్పాను, ఆ రోజు మోడెం ఆపి వేయించి ఇంకా చెడగొట్టాను అన్నీ చెప్పాను. ఆమె కాగితం వైపు చూడనే లేదు.

"అవన్నీ నాకు తెలియవంకుల్," అంది. "చెల్లి మోడెం దగ్గరుందంట. ఈ గదిలో మీరొక్కరే ఉన్నారంట కదా?"

"అవునమ్మా."

"అమ్మ చేతులు కదిపిందా?"

"కదిపింది. మూడుసార్లు. మంచం కొట్టి పిలిచింది."

ఆమె మంచం మీంచి ముందుకి జరిగింది. "ఎట్టా కదిపిందో చూపించండి. మీకు అర్థం కానక్కర్లేదు, నాకర్థమవుద్ది. అటూ ఇటూ అయినా పర్లేదంకుల్, మా అమ్మ చేతులు నాకు తెలుసు. చూపించండి చాలు."

నేను రెండు చేతులూ ఎత్తాను. ఎందుకెత్తానో తెలియదు, ఎత్తితే అవే కదులుతాయేమో అనుకున్నానేమో. ఏదో ఒకటి తిప్పి చూపిద్దామని కూడా ఒక్క క్షణం అనిపించింది. నా నోట్‌బుక్కు నిండా దీపాల రంగులున్నాయి. ఆ రోజు ఏ దీపం ఎన్నిసార్లు ఆరిందో ఇప్పటికీ చెప్పగలను.

"నేను చూడలేదమ్మా," అన్నాను. "రౌటర్ దీపాలు చూస్తున్నాను."

ఆమె నా చేతుల వైపే చూసింది. తర్వాత మెల్లిగా అడిగింది.

"పోనీ, ఒక చెయ్యా, రెండు చేతులా? అదొక్కటి చెప్పండి. ఒక చెయ్యైతే ఏదో కావాలని అడుగుతున్నట్టు. రెండు చేతులైతే నాకేదో చెప్తున్నట్టు."

"గుర్తులేదమ్మా," అన్నాను.

నా చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. వాటిని దించుకోవాలని కూడా నాకు తట్టలేదు. ఆమే లేచి వచ్చి, రెండూ పట్టుకుని, కిందికి దించింది.